పదిని దాటి చూస్తే: సంఖ్యల రాతలోని గణితం



బడిపిల్లలకు లెక్కలు చెప్పడమే జీవితంగా గడిపిన ఒక ఉపాధ్యాయుని స్మృతికి ఏర్పాటైన ఉపన్యాసం ఇది. అందుచేత కాగితమూ పెన్సిలూ ఉన్నవారెవరైనా ఇంటికి వెళ్లి స్వయంగా సరిచూసుకోగల విషయాన్నే ఎంచుకున్నాను. మనం పూర్ణసంఖ్యలను పది ఆధారంగా రాస్తాం: ఒకట్లు, పదులు, వందలు, వేలు. ఆధారం పదే కావాలన్న నియమం గణితంలో ఎక్కడా లేదు. ఏడును ఆధారంగా తీసుకుంటే స్థానాల విలువలు 1, 7, 49, 343 అవుతాయి, అంకెలు 0 నుంచి 6 వరకే ఉంటాయి. మన వంద అప్పుడు 2-0-2 అవుతుంది: రెండు నలభైతొమ్మిదులు, ఏడులేమీ లేవు, రెండు ఒకట్లు. పన్నెండును ఆధారంగా తీసుకుంటే పదీ పదకొండూ కూడా అంకెలే అవుతాయి కాబట్టి, తికమక లేకుండా అంకెల మధ్య ఇలా గీత పెట్టి రాస్తాను. రాశి అదే, రూపం మారింది. మరి అంకెలను చూసి చెప్పే లక్షణాలు ఎవరివి? తిరగరాస్తే ఏమవుతుంది, అంకెల మొత్తం ఎంత, అంకెల ఘనాలు కలిపితే ఏమొస్తుంది అన్నవి సంఖ్యకు చెందినవా, మన రాతకు చెందినవా?

ఈ ప్రశ్నకు గట్టి జవాబు చెప్పినవాడు కేంబ్రిడ్జి గణితవేత్త జి. హెచ్. హార్డీ. రామానుజన్‌ను లోకానికి పరిచయం చేసినవాడిగా ఆయన మనకు ఆప్తుడు. 1940లో వెలువడిన 'ఎ మ్యాథమెటీషియన్స్ అపాలజీ' పుస్తకంలో, ఏది గంభీరమైన గణితం, ఏది కాదు అని చర్చిస్తూ ఆయన రెండు ఉదాహరణలు ఇచ్చాడు. మొదటిది: నాలుగంకెల సంఖ్యల్లో తమ తిరగరాతకు గుణిజాలుగా ఉండేవి 8712, 9801 మాత్రమే, 8712 అంటే 2178కి నాలుగింతలు, 9801 అంటే 1089కి తొమ్మిదింతలు. రెండోది: 1ని వదిలేస్తే తమ అంకెల ఘనాల మొత్తానికి సమానమైన సంఖ్యలు 153, 370, 371, 407 నాలుగే. ఇవి పజిళ్ల శీర్షికలకు సరిపోతాయి తప్ప గణితవేత్తను కదిలించేదేమీ వీటిలో లేదని ఆయన తీర్పు. ఆ తరవాత ఎంతోమంది ఇదే మాట చెబుతూ వచ్చారు. ఆ తీర్పులో ఒక విచారణ జరగలేదని నా వాదం. ఈ లక్షణాలను చెప్పుకోదగ్గ స్థాయిలో సాధారణీకరించలేమని హార్డీ అన్నాడు, కానీ ఆధారాన్ని మార్చి చూడలేదు. మార్చి చూస్తే ఏం జరుగుతుందో ముందు చూద్దాం.

1089ని ఎనిమిది ఆధారంగా రాసే ప్రపంచంలోకి తీసుకెళ్దాం. అక్కడ చివరి అంకె 7, దాని ముందుది 6. కాబట్టి 1-0-8-9కి సాటి వచ్చేది 1-0-6-7. దాని విలువ మన లెక్కలో 567. ఏడుతో గుణిస్తే 3969. దాన్ని మళ్లీ ఎనిమిది ఆధారంగా రాస్తే 7-6-0-1. సరిగ్గా తిరగబడింది. మూడు ఆధారంగా చూద్దాం: 1-0-1-2 అంటే 32, రెట్టింపు 64, అది 2-1-0-1. మళ్లీ తిరగబడింది. ఇది యాదృచ్ఛికం కాదు. 1089 అంటే 11 × 99. పదకొండు ఆధారం కంటే ఒకటి ఎక్కువ, తొంభైతొమ్మిది ఆధారం వర్గం కంటే ఒకటి తక్కువ. దాన్ని ఆధారం కంటే ఒకటి తక్కువైన తొమ్మిదితో గుణిస్తే, 9 × 11 మళ్లీ 99 అవుతుంది కనుక, ఫలితం 99 వర్గం. ఆధారం ఏదైనా ఈ గుణకారం ఇలాగే సాగుతుంది, ఫలితంలోని అంకెలు ఇలాగే పడతాయి. మూడు మొదలుకొని ఏ ఆధారంలోనైనా ఈ తిరగరాత నిలుస్తుంది. పది ఇందులో ఒక వేషం మాత్రమే.

రెండో సంఖ్య 2178 ఇంకా ఆసక్తికరం. అది 1089కి రెట్టింపు, దాని తిరగరాత 8712 అదే 1089కి ఎనిమిదింతలు. 1089ని 1 నుంచి 9 వరకు వరసగా గుణించి చూడండి: 1089, 2178, 3267, 4356, 5445, 6534, 7623, 8712, 9801. మొదటిది చివరిదానికి తిరగరాత, రెండోది చివరి నుంచి రెండోదానికి, ఇలా అన్నీ జతలు. జతలోని రెండు గుణకాల మొత్తం ఎప్పుడూ పది. కాబట్టి ఒకటి మరోదానికి గుణిజం కావాలంటే, 8లో 2 పోయినట్టు పెద్ద గుణకంలో చిన్నది శేషం లేకుండా పోవాలి. అంటే చిన్న గుణకం పదిని భాగించాలి. పదికి అలాంటి భాజకాలు 1, 2, 5. ఐదును తీసుకుంటే 5445, తిరగరాసినా అదే, అందులో వింతేమీ లేదు. మిగిలినవి 1, 2. హార్డీ చూపిన రెండు సంఖ్యలు అందుకే రెండు. పన్నెండు ఆధారంలో ఈ కుటుంబం నుంచే నాలుగు వస్తాయి, ఎందుకంటే పన్నెండును 1, 2, 3, 4 నాలుగూ భాగిస్తాయి. వాటిలో ఒకటి 3-2-8-9, విలువ 5577, మూడింతలు చేస్తే 16731, అది 9-8-2-3. ఆధారం ప్రధాన సంఖ్య అయితే ఈ కుటుంబంలో ఒక్కటే మిగులుతుంది. ఒక సంఖ్యకు ఎన్ని భాజకాలున్నాయి అన్న ప్రశ్నను పజిలు అనుకున్నది అడుగుతోంది!

ఇక ఘనాల సంగతి. ఇక్కడైనా యాదృచ్ఛికత ఉంటుందని ఎవరైనా ఆశిస్తారు. పదిని మూడుతో భాగిస్తే భాగఫలం 3, శేషం 1. 370లో మొదటి అంకె ఆ భాగఫలమే, రెండో అంకె 7, భాగఫలానికి రెట్టింపు కంటే ఒకటి ఎక్కువ, మూడోది సున్న. మూడుతో భాగిస్తే 1 మిగిలే ఏ ఆధారంలోనైనా ఇలాగే అంకెలు వేయండి. ఏడు ఆధారంలో భాగఫలం 2, సంఖ్య 2-5-0, విలువ 133, ఘనాలు 8, 125, మొత్తం 133. పదమూడు ఆధారంలో 4-9-0; విలువ 793; ఘనాలు 64, 729; మొత్తం 793. చివరి సున్న స్థానంలో 1 వేస్తే రెండు వైపులా ఒకటి పెరుగుతుంది కనుక 371 ఉచితంగా వస్తుంది. 407కు కూడా ఇదే కుటుంబం: మొదటి అంకె భాగఫలం కంటే ఒకటి ఎక్కువ, నడుమ సున్న, చివర మళ్లీ రెట్టింపు కంటే ఒకటి ఎక్కువ. ఏడు ఆధారంలో అది 3-0-5, విలువ 152, ఘనాలు 27, 125. మిగిలింది 153. అది మరో కుటుంబం: ఆరుతో భాగిస్తే 4 మిగిలే ఆధారాలు. భాగఫలం మొదటి అంకె; దానికి మూడింతలకు రెండు కలిపితే రెండో అంకె; రెట్టింపుకు ఒకటి కలిపితే మూడోది. పదికి భాగఫలం 1 కాబట్టి 1-5-3. కంప్యూటరు వాళ్లు రోజూ వాడే పదహారు ఆధారానికి భాగఫలం 2 కాబట్టి 2-8-5, విలువ 645, ఘనాలు 8, 512, 125, మొత్తం 645. హైస్కూలు బీజగణితంతో ఈ రెండు కుటుంబాలనూ అనంతమైన ఆధారాలకు రుజువు చేయవచ్చు. హార్డీ విడివిడిగా చూసిన నాలుగు సంఖ్యల్లో ఒక్కటీ ఒంటరిది కాదు.

హార్డీ పక్షాన నిలబడి ఒకరు గట్టిగానే ఎదురు చెప్పవచ్చు. గంభీరమైన ఫలితానికి ఆయన రెండు గుణాలు కోరాడు: వ్యాప్తి, లోతు. ఆధారం మార్చడంతో వ్యాప్తి దొరికిందే అనుకుందాం, లోతు ఎక్కడ? రుజువంతా రెండు పంక్తుల బీజగణితమే కదా? ఈ ఆక్షేపణను నేను ఒప్పుకుంటాను. 1089, 153 గొప్ప సిద్ధాంతాలు కావు; అవి ఏ ఇతర గణితాన్నీ వెలిగించవు. కాని వాటిని తోసిపుచ్చడానికి తరచు చెప్పే కారణం వేరు. అంకెలు రాతకు చెందినవి, సంఖ్యకు కావు అన్నది ఆ కారణం. అది నిలవదు. ఒక సంఖ్యను ఏడుతో భాగిస్తే ఎంత మిగులుతుంది అన్నది సంఖ్యా లక్షణమేనని గణితవేత్తలందరూ అంగీకరిస్తారు. సంఖ్యాశాస్త్రంలో సగం ఆ శేషాల మీదే నడుస్తుంది. ఏడు ఆధారంగా రాసినప్పుడు చివరి అంకె ఆ శేషమే. భాగఫలాన్ని మళ్లీ ఏడుతో భాగిస్తే వచ్చే శేషం దాని ముందు అంకె. అంటే అంకెలన్నీ వరసగా తీసిన శేషాలే. సంఖ్యకూ ఆధారానికీ మధ్య ఉన్న సంబంధాన్ని అవి చెబుతాయి. రెండు సంఖ్యల గరిష్ఠ సామాన్య భాజకం ఎంత నిజమో ఈ సంబంధమూ అంతే నిజం. అయితే పది వంటి సంయుక్త సంఖ్యను ఆధారంగా పెట్టుకుంటే రెండు, ఐదు చెప్పే మాటలు కలిసిపోయి వినబడతాయి. ప్రధాన సంఖ్యలను ఆధారాలుగా తీసుకుంటే ఒక్కొక్కటీ విడిగా వినబడుతుంది.

దీనికి గణితవేత్త ఎర్న్‌స్ట్ కుమ్మర్ 1852లో ఇచ్చిన సిద్ధాంతాన్ని మించిన సాక్ష్యం నాకు తెలియదు. పదిమందిలోంచి నలుగురిని ఎన్ని రకాలుగా ఎంచుకోవచ్చు? 210 రకాలుగా. 210ని ప్రధాన కారణాంకాలుగా విడదీస్తే 2 × 3 × 5 × 7. ఈ విడదీత 210ని లెక్క కట్టకుండానే తెలుస్తుందా? ఎంచుకున్నవారు నలుగురు, మిగిలినవారు ఆరుగురు. 4నీ 6నీ రెండు ఆధారంగా రాసి కూడదాం: 1-0-0, 1-1-0. కూడికలో ఒక్క చోటే ఒకటి చేతిలో మిగిలి పక్క స్థానానికి పోతుంది. మూడు ఆధారంగా: 1-1, 2-0, ఒక్కసారే మిగులుతుంది. ఐదు ఆధారంగా: 4, 1-1, ఒక్కసారే. ఏడు ఆధారంగా: 4, 6, ఒక్కసారే. పదకొండు ఆధారంగా: 4, 6 కలిపితే ఒకే అంకె, చేతిలో మిగిలేదేమీ లేదు. కుమ్మర్ సిద్ధాంతం చెప్పేది ఇదే: ఇలాంటి ద్విపద గుణకంలో ఒక ప్రధాన సంఖ్య ఎన్నిసార్లు కారణాంకంగా ఉంటుందో, ఆ ప్రధాన సంఖ్య ఆధారంగా చేసిన కూడికలో సరిగ్గా అన్నిసార్లు ఒకటి చేతిలో మిగులుతుంది. రెండూ, మూడూ, ఐదూ, ఏడూ ఒక్కోసారి. పదకొండు అసలు లేదు. ఒకటో తరగతి పిల్లవాడు కూడికలో చేసే పనికీ ప్రధాన కారణాంకాలకూ ఉన్న ఈ బంధాన్ని రాతకు సంబంధించిన విశేషమని ఎవరంటారు? దీనికి మూలం లెజాండ్ర్ సూత్రంలో ఉంది. 1 నుంచి 10 వరకు గుణిస్తే 3628800 వస్తుంది. అందులో ఎన్ని రెళ్లున్నాయి? పదిని రెండు ఆధారంగా రాస్తే 1-0-1-0, అంకెల మొత్తం 2. పదిలోంచి తీసేస్తే 8. సరిగ్గా ఎనిమిది రెళ్లు. మూళ్లు కావాలంటే పదిని మూడు ఆధారంగా రాసి అంకెల మొత్తం తీసేసి, రెండుతో భాగించాలి: 1-0-1, మొత్తం 2, తేడా 8, సగం 4. ఐదుకు నాలుగుతో, ఏడుకు ఆరుతో భాగించాలి. తొమ్మిదితో సరిచూసుకోవడానికి బడిలో వాడిన అంకెల మొత్తం ఇక్కడ లోతైన సిద్ధాంతానికి ఇరుసుగా నిలిచింది.

సరైన ఆధారం సంఖ్య లోపలి అమరికను బయటపెడుతుందనడానికి మన ఛందశ్శాస్త్రంలోనే ఒక ఉదాహరణ ఉంది. గణిత పుస్తకాలు దాన్ని పెద్దగా పట్టించుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది. లక్షణ గ్రంథాలు వృత్తానికి గణాలూ యతీ చెప్పడంతో ఆగవు, వృత్త సంఖ్య కూడా చెబుతాయి. ఉత్పలమాల పాదానికి ఇరవై అక్షరాలు. ఇరవై అక్షరాల్లో గురులఘువులను అమర్చే విధానాలు 1048576. వాటిని పింగళుడి ప్రస్తారం ప్రకారం వరసగా రాస్తే ఉత్పలమాల 355799వ వరసలో వస్తుంది. పది ఆధారంగా చూస్తే 355799కి ముఖం లేదు. అందులోంచి ఒకటి తీసి రెండు ఆధారంగా రాయండి, ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి చదవండి. సున్న వస్తే గురువు, ఒకటి వస్తే లఘువు. గురువు, లఘువు, లఘువు: భగణం. గురువు, లఘువు, గురువు: రగణం. మూడు లఘువులు: నగణం. తరవాత రెండు భగణాలు, రగణం, చివర వగణం. భరనభభరవ పాదమంతా ఆ అంకెల్లో నిలబడి ఉంటుంది. వరస సంఖ్య ఇస్తే వృత్తాన్ని చెప్పే 'నష్టం' పద్ధతి, సంఖ్యను సగం చేస్తూ పోవడమే. అది రెండు ఆధారంగా అంకెలను తీసే పద్ధతి. ఇంకో అడుగు వేద్దాం. ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులుగా విడగొడితే చంపకమాల అవుతుందని పద్యం రాసే ప్రతివారికీ తెలుసు. చంపకమాల వృత్త సంఖ్య 711600. ఉత్పలమాల సంఖ్యకు ఒకటి కలిపి రెట్టింపు చేయండి: 355800 రెండింతలు 711600. శార్దూలం 149337, ఒకటి కలిపి రెట్టింపు చేస్తే 298676, అది మత్తేభం, అక్కడా మొదటి గురువు రెండు లఘువులైంది. చెవికి తెలిసిన బంధుత్వం రెండు ఆధారంలో కూడిక, రెట్టింపు అయింది. పది ఆధారంలో ఇదే బంధుత్వం కంటికి ఆనదు.

ఇక్కడ రెండో ఆక్షేపణ ఎదురవుతుంది, అది మొదటిదాని కంటే పదునైనది. ఆధారాన్ని మనకు నచ్చినట్టు ఎంచుకోవచ్చంటే, ఏ సంఖ్యలోనైనా ఏ విశేషాన్నైనా చూపించవచ్చు కదా? రామానుజన్ పేరుతో ప్రసిద్ధమైన 1729ని పన్నెండు ఆధారంగా రాస్తే 1-0-0-1. ఎంత అందంగా ఉందో! కాని 1728ని ఆధారంగా తీసుకుంటే అది 1-1. మూడు మొదలు ఏ సంఖ్యనైనా దాని కంటే ఒకటి తక్కువైన ఆధారంలో 1-1గా రాయవచ్చు. ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకేలా ఉండే ఆధారం ప్రతి సంఖ్యకూ దొరుకుతుందన్నమాట. అందరికీ వర్తించే ఆ మాట ఎవరి గురించీ ఏమీ చెప్పదు. ఆక్షేపణ ఇంతవరకూ సత్యమే. కాని ప్రశ్నను తిప్పి అడగండి. ఆ పనికిరాని ఆధారాన్ని వదిలేసి, రెండు నుంచి మొదలుపెట్టి తన కంటే రెండు తక్కువైన ఆధారం వరకు వెతికినా ఎక్కడా ఇటూ అటూ ఒకేలా చదవలేని సంఖ్యలేవి? ఆరు దాటాక అవి 11, 19, 47, 53, ఇలా సాగుతాయి. వీటిలో సంయుక్త సంఖ్య ఒక్కటీ ఉండదు; అన్నీ ప్రధాన సంఖ్యలే. కారణం ఇది. సంఖ్య రెండు కారణాంకాల లబ్ధమైతే, పెద్ద కారణాంకం కంటే ఒకటి తక్కువను ఆధారంగా తీసుకుంటే, చిన్న కారణాంకమే రెండుసార్లు పక్కపక్కన పడుతుంది: 35 అంటే 5 × 7, ఆరు ఆధారంలో 5-5. కారణాంకాలు రెండూ సమానమైన ప్రధాన సంఖ్య అయితే, దాని కంటే ఒకటి తక్కువైన ఆధారంలో 1-2-1 వస్తుంది: 25 నాలుగు ఆధారంలో 1-2-1. తొమ్మిది ఒక్కటి ఈ దారికి రాదు, అది రెండు ఆధారంలో 1-0-0-1 అయి తప్పుకుంటుంది. కారణాంకాలు ఒకదాని పక్కన ఒకటి ఉండే సంఖ్యలకు రెండూ, సగమూ అనే విడదీత పని చేస్తుంది. ఆరుకు మాత్రం చేయదు. అందుకే ఆరును దాటాక అన్నాం. ఆధారాన్ని ఎంచుకునే స్వేచ్ఛ ఉందని ఆక్షేపించారు. ఆ స్వేచ్ఛ మొత్తాన్నీ ఒకేసారి వాడి, ఏ ఆధారానికీ లొంగని సంఖ్యలను అడిగితే ప్రధాన సంఖ్యలు బయటికి వచ్చాయి. 1729 కూడా పన్నెండు ఆధారంలో అందంగా ఉండి ఊరుకోలేదు: 1-0-0-1 అంటే పన్నెండు ఘనానికి ఒకటి చేర్చడం, కనుక దానికి పదమూడు కారణాంకమని వెంటనే తెలుస్తుంది. తొమ్మిది ఆధారంలో అదే సంఖ్య 2-3-3-1. దాన్ని 1-0-0-0, 1-3-3-1గా విడగొడితే తొమ్మిది ఘనం, పది ఘనం కనిపిస్తాయి. రెండు ఘనాల మొత్తంగా 1729కి ఉన్న ప్రసిద్ధమైన రెండు విడదీతలకు రెండు ఆధారాలు.

అంకెల మీద జీవితకాలపు ప్రేమ పెంచుకున్న దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్ గురించి చెప్పకుండా ఈ విషయం పూర్తి కాదు. నాసిక్ దగ్గరి దేవ్‌లాలీలో ఆయన బడిపంతులు. ఆయన కృషిని చాలాకాలం పెద్దలు చిన్నచూపు చూశారు. 1975లో గణిత రచయిత మార్టిన్ గార్డ్‌నర్ రాసిన తరవాతే లోకానికి తెలిసింది. ఆ చిన్నచూపు అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకో లెక్కతోనే చూపిస్తాను. మూడంకెల సంఖ్య ఒకటి తీసుకోండి, అంకెలన్నీ ఒకటే కాకూడదు. అంకెలను పెద్ద నుంచి చిన్నకు పేర్చి, చిన్న నుంచి పెద్దకు పేర్చినదాన్ని అందులోంచి తీసివేయండి. నడిమి అంకె కొట్టుకుపోతుంది. మిగిలేది పెద్ద అంకెకూ చిన్న అంకెకూ ఉన్న తేడాను 99తో గుణించినది. అంటే సంఖ్య మొత్తాన్ని మరిచిపోయి ఆ తేడాను గుర్తుంచుకుంటే చాలు. తేడా 9 అయితే తరవాతి తేడా 8, ఆపైన 7, 6, 5. అయిదు దగ్గర ఆగిపోతుంది. తేడా 1 అయితే 9కి ఎగురుతుంది, 2 అయితే 8కి, 3 అయితే 7కి, 4 అయితే 6కి, అక్కడి నుంచి మళ్లీ దిగివస్తుంది. ఏ దారిన వచ్చినా అయిదు దగ్గరికే, అంటే 495 దగ్గరికే. అయిదు ఇక్కడ పదిలో సగం. ఎనిమిది ఆధారంలో సగం నాలుగు, చేరే సంఖ్య 3-7-4. తొమ్మిది ఆధారానికి పూర్ణసంఖ్యగా సగం లేదు. అందుకని అక్కడ సంఖ్య ఒక చోట నిలవదు, 3-8-5కీ 4-8-4కీ మధ్య అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. 495 అనే వింతకు కారణం పది సరి సంఖ్య కావడం.

నాలుగంకెలకు ఇదే పని చేస్తే 6174 వస్తుంది; కాప్రేకర్ పేరు మోసే సంఖ్య అదే. అది కూడా పదికే పరిమితం కాదు. ఆధారం అయిదుకు గుణిజమైతే చాలు, నిలిచే సంఖ్య ఒకటి తప్పక ఉంటుంది. అయిదు ఆధారంలో 3-0-3-2, పదిలో 6-1-7-4, పదిహేనులో 9-2-11-6. మొదటి అంకెలు 3, 6, 9 అని, చివరి అంకెలు 2, 4, 6 అని గమనించండి. అయితే నిలిచే సంఖ్య ఉండడం వేరు, అన్ని సంఖ్యలూ అక్కడికే చేరడం వేరు. పదిహేను ఆధారంలో 7-2-11-8 నుంచి బయల్దేరితే 9-0-13-6, 13-2-11-2, 11-8-5-4 మీదుగా తిరిగి 7-2-11-8 దగ్గరికే వస్తాం. 9-2-11-6 ఎన్నటికీ తగలదు. ఏ ఆధారాల్లో అన్నీ ఒకే చోటికి చేరతాయన్న ప్రశ్న నిజంగా కష్టమైనది. దాన్ని పట్టుకున్నవాడు హెల్ముట్ హాసె, ఇరవయ్యో శతాబ్దపు అగ్రశ్రేణి సంఖ్యాశాస్త్రజ్ఞుల్లో ఒకడు. ప్రిచెట్ అనే గణితవేత్తతో కలిసి ఆయన రాసిన ఆ పరిశోధన, 1826 నుంచి నడుస్తున్న క్రెల్లె పత్రికలో 1978లో అచ్చయింది. దేవ్‌లాలీ పంతులుగారి ప్రశ్న చేరవలసిన చోటికే చేరింది.

వింత ఆధారాల ఉపయోగాల గురించి నేను వాదించడం లేదు. ఉపయోగాలు లేకపోలేదు. 1, 3, 9, 27 బరువుల రాళ్లు నాలుగే ఉంటే, త్రాసు రెండు తట్టల్లోనూ వేసుకోవచ్చంటే, 1 నుంచి 40 వరకు ఏ బరువైనా తూచవచ్చు. అది మూడు ఆధారంగా -1, 0, 1 అనే అంకెలతో రాయడమే. ఆ రాతతోనే 1958లో మాస్కో విశ్వవిద్యాలయంలో నికొలాయ్ బ్రుసెంత్సోవ్ బృందం సెతున్ అనే కంప్యూటరును నిర్మించింది. నా వాదానికి ఇవి అవసరం లేదు. ఇంకా తేలని ఒక ప్రశ్నే నాకు కావాలి.

ద్విపద గుణకాల్లో నడిమివి తీసుకుందాం: 2, 6, 20, 70, 252, ఇలా. ఇద్దరిలో ఒకరిని, నలుగురిలో ఇద్దరిని, ఆరుగురిలో ముగ్గురిని ఎంచుకునే విధానాలు ఇవి. వీటిలో 1 తప్ప ఏ వర్గమూ భాగించనివి ఏవి? 2, 6, 70 అలాంటివి. 70 తరవాత అలాంటిది లేదని 1996లో గ్రాన్‌విల్, రామరే నిరూపించారు. సగం పని కుమ్మర్ సిద్ధాంతమే చేసిపెడుతుంది. ఒక సంఖ్యను దానికే రెండు ఆధారంగా కూడితే, అందులో ఎన్ని 1 అంకెలున్నాయో అన్నిసార్లు చేతిలో మిగులుతుంది. 1 అంకెలు రెండో అంతకంటే ఎక్కువో ఉంటే నాలుగు భాగిస్తుంది. కనుక ఒక్క 1 అంకె ఉన్నవి, అంటే 1, 2, 4, 8, 16 వంటి రెండు ఘాతాలే మిగులుతాయి. వాటిని మూడు ఆధారంగా రాసి మూడు సంగతి చూడాలి. అక్కడ 2 అనే అంకె ఉంటే కూడికలో చేతిలో మిగలక తప్పదు. 2 అనే అంకె లేకుండా రాయగల ఘాతాలు: 1, 4 అంటే 1-1, 256 అంటే 1-0-0-1-1-1. ఇంతకు మించి లేవని 1979లో పాల్ ఎర్డోష్ ఊహించాడు. కంప్యూటర్లు చాలా దూరం వెళ్లి చూశాయి, నాలుగోది కనబడలేదు. నిరూపణ మాత్రం ఇంతవరకు రాలేదు. 256ను దాటాక, రెండు ఆధారంలో ఒకటీ, దాని వెనక సున్నలూ తప్ప మరేమీ లేని సంఖ్య, పక్కనున్న మూడు ఆధారంలోకి అడుగు పెట్టేసరికి దాని అంకెల్లో ఒక 2 తప్పక ఉంటుందన్న ఇంత చిన్న మాటను కూడా ఎవరూ రుజువు చేయలేకపోయారు.